పసివారి నగలు - స్నేహితుల పద్దు

పసిపిల్లల నగలు చేయించి అమ్ము వ్యాపారము పెట్టితిమనగానే చాలమంది చిరునవ్వు నవ్విరి. "గ్రాము, అరగ్రాము సరుకుతో వ్యాపారమేమిటి?" అని కొందరు అడిగిరి. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. పెళ్ళి నగల అంగడిలో ఒక్క హారమునకు పట్టు బంగారముతో మా దుకాణమున పదిమంది పసివారికి నగలు చేయవచ్చును. లాభము చిన్నది, పని పెద్దది. పెద్దల గాజు చేయుటకంటె పాపాయి మురుగు చేయుటయే కష్టమని పనివారే చెప్పుదురు. ఐనను ఆ చిన్న నగకు త్రాసులో తేలని బరువు మరియొకటి కలదు. అది ఎట్టిదో, దానిని ఇరువురు స్నేహితురాండ్రము కలిసి ఎట్లు మోయుచున్నామో విన్నవించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

తెలుగువారి ఇంట శిశువు పుట్టినది మొదలు నగ వెంబడి వచ్చును. 11వ నాడో 21వ నాడో జరుగు బారసాలకు మొలత్రాడు కట్టుదురు. చేతులకు నల్లపూసల నడుమ బంగారు గుండ్లు కూర్చిన దిష్టిపూసలు, కాళ్ళకు వెండి కడియములు, నడక నేర్చు వేళకు మువ్వల పట్టీలు, నుదుట వ్రేలాడు రావిరేక, మెడలో పులిగోరు పతకము, ఇట్లు ఒకదాని వెంట ఒకటి అమరును. అన్నప్రాశనకు గొలుసు, చెవులు కుట్టించునాడు మేనమామ తెచ్చు బంగారు పోగులు సరే సరి. కొన్ని ఇండ్లలో రాలిన బొడ్డును ఎండించి, వెండి తాయెత్తులో నుంచి, మొలత్రాటికి కట్టుదురు. చిన్నికృష్ణుని వర్ణించుచు మన పిల్లలకు మొట్టమొదట నేర్పు పద్యమున సగమునకు సగము పసివాని నగలే యని శ్రోతలకు నేను వేరుగా చెప్పనక్కరలేదు; ఆ పద్యము రానివారు మనలో అరుదు.

ఈ మమకారము మన దేశమునకే పరిమితము కాదు. ప్రాచీన రోమునందు బాలురు మెడలో 'బుల్లా' అను గుండ్రని తాయెత్తు ధరించెడివారు. కలవారిది బంగారముతో, లేనివారిది తోలుతో చేసెడివారు. బాలుడు పెద్దవాడై పెద్దల వస్త్రమును ధరించునాడు ఆ తాయెత్తును తీసి గృహదేవతల సన్నిధిని ఉంచెడివాడు. ఇంగ్లండు రాణి విక్టోరియా తన పెద్ద కుమార్తెకు 1847లో ఊడిన మొదటి పాలపన్నును బంగారు నగలో పొదిగించుకొనెను. పాలపన్ను ఊడినపుడు ఇంటికప్పుపై విసరు మన అలవాటు వేరు; రాణి అలవాటు వేరు. కాని బిడ్డ ఎదిగిపోవుచున్నదే యను తల్లి గుండెలోని గుబులు మాత్రము రెండు చోట్లను ఒక్కటే.

పసివారి నగకు గల ప్రత్యేకత ఇచ్చటనే యున్నది. తక్కిన నగలు మనిషితోపాటు నిలిచి యుండును. పసివారి నగను బిడ్డ ఏడాది తిరుగకమునుపే దాటిపోవును. మురుగు బిగుతగును, కడియము పట్టదు, పట్టీలు మూల బడును. అటుపిమ్మట అది అలంకారము కాదు, జ్ఞాపకము. తల్లి దానిని పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచును. ఇరువది యైదేండ్ల తరువాత మనుమరాలి బారసాలనాడు బయటికి తీయును. కావున మేము అమ్మునది ఏడాది వాడుకకు, ఏబది యేండ్ల దాపునకు. ఈ మాటను మేము దుకాణము తెరువకముందే ఒకరికొకరము చెప్పుకొంటిమి. తరువాత చేసికొన్న కట్టుబాట్లన్నియు దానినుండి పుట్టినవే.

మా ఇరువురిలో ఒకరు కొంతకాలము బ్యాంకులో పనిచేసి లెక్కలు తెలిసినవారు. మరియొకరు చిన్ననాటినుండి ముగ్గులు, కుట్టుపని, బొమ్మలు అలవడినవారు. ఇరువురి పిల్లలకు బారసాలలు ఏడాది వ్యవధిలో జరిగినవి. ఒకరి పిల్లలు మరియొకరిని పిన్ని యని పిలుతురు. ఇంత చనువున్నవారు వ్యాపారము పెట్టవలెనన్న చుట్టములు రెండు విధముల సలహాలు చెప్పిరి. "స్నేహితులే కదా, కాగితములెందుకు?" అని కొందరు. "స్నేహము నిలువవలెనన్న డబ్బు జోలికి పోకుడు" అని మరికొందరు. మేము ఈ రెండును కాక మూడవ దారి పట్టితిమి. అభిమానమును అమ్ముకొని బ్రతుకువారు తూకమును, లెక్కను ఇతరులకంటె గట్టిగా పట్టుకొనవలెనన్నదే ఆ దారి. అభిమానమున్న చోట ఎవ్వరును తూచి చూడరు. తూచి చూడని చోటనే తేడా వచ్చును. కొనువారి విషయమునను, మా విషయమునను ఇది ఒక్కటే సూత్రము.

ముందుగా మా విషయము చెప్పెదను. చెరి రెండు లక్షల రూపాయలు పెట్టుబడి పెట్టితిమి. ఇది నగల వ్యాపారమునకు పెద్ద మొత్తము కాదు. 10 గ్రాముల మేలిమి బంగారము వెల 2025లో లక్ష రూపాయలు దాటినదని అందరికిని తెలిసినదే. ఆ వెలకు కొని అద్దాల బీరువాలు నింపుట మా తరము కాదు. కావున నమూనాలను మాత్రము వెండితో చేయించి ఉంచితిమి. కొనువారు నమూనా చూచి, సగము సొమ్ము ముందు చెల్లించినపుడు ఆనాటి వెలకే బంగారము కొని పని మొదలు పెట్టుదుము. వెల పెరిగినను తరిగినను ఉభయులకు చింత యుండదు. ఇంటిలోని పాత బంగారము తెచ్చువారే మాకు ఎక్కువ. వారి సంగతి తరువాత చెప్పెదను.

పత్రము వ్రాసికొను దినమున మా మధ్య కొంత మొగమాటము కలిగినది నిజమే. మన దేశమున భాగస్వామ్య చట్టము 1932లో వచ్చినది. భాగస్వామ్యము నోటిమాటతోనైనను ఏర్పడవచ్చునని ఆ చట్టము ఒప్పుకొనును. కాని వేరొక ఒడంబడిక లేనిచో ఏమి జరుగునో కూడ అదియే చెప్పును. లాభనష్టములు సమానముగా పంచుకొనవలెను. ఒకరు ఎక్కువ పెట్టినను సమానమే. వ్యాపారమున పాటుపడినందుకు వేరుగా జీతము రాదు. ఒకరు ప్రొద్దుననుండి రాత్రివరకు కూర్చుండి, వేరొకరు వారమునకొకమారు వచ్చినను అంతే. దుకాణము పనిమీద ఒకరు చేసిన అప్పునకు ఇరువురును బాధ్యులు. ఒకరు మరణించినచో భాగస్వామ్యము రద్దగును. సంస్థను నమోదు చేయించుట నిర్బంధము కాదు గాని, నమోదు కాని సంస్థ తనకు ఒడంబడిక ప్రకారము రావలసిన బాకీకై ఇతరులపై దావా వేయజాలదు. ఈ సంగతులు చదివిన తరువాత మాకు మొగమాటము పోయినది. మనము వ్రాసికొననిచో వ్రాత లేకుండపోదు. మనకు బదులు చట్టము వ్రాసి పెట్టును. అది మన ఇంటి పరిస్థితులు ఎరిగి వ్రాసినది కాదు.

కావున మా పత్రములో ఈ క్రింది సంగతులు వ్రాసికొంటిమి. పనిచేసిన దినములనుబట్టి ఇరువురికిని నెల జీతము. మిగిలిన లాభములో సగము మూడేండ్లవరకు వ్యాపారమునందే ఉంచవలెను. బంగారపు పెట్టెకు రెండు తాళములు, తాళపుచెవులు చెరియొకటి. సాయంకాలము దుకాణము మూయుటకు ముందు ఉన్న బంగారమును ఇరువురును చూచుచుండగా తూచి పుస్తకమున సంతకములు చేయవలెను. బంధువులకుగాని మిత్రులకుగాని నగ అరువు ఈయరాదు. ఒకరు మానుకొనదలచినచో ఆనాటి బంగారపు వెలనుబట్టి వారి వాటా కట్టి ఆరు నెలలలో ఈయవలెను. ఒకరికి ప్రమాదము సంభవించినచో వారి పిల్లలకు ముట్టవలసిన సొమ్ము ఇంత అను లెక్క ఏడాదికొకమారు తేల్చి, ఇరువురి ఇండ్లలోను ఉంచవలెను. ఈ చివరి వాక్యము వ్రాయునపుడు ఇరువురి కన్నులును చెమ్మగిల్లినవి. "నామీద నమ్మకము లేదా?" యన్న ప్రశ్న మాత్రము పుట్టలేదు. నమ్మకము లేనివారు అసలు కలిసి దుకాణమే పెట్టరు. ఆ నమ్మకము నిలువవలెనని కోరువారే వ్రాసికొందురు.

అరువు నిషేధము ఎంత అవసరమో ఆరు నెలలలోనే తెలిసినది. మాలో ఒకరి ఆడపడుచు కుమారునికి అన్నప్రాశన వచ్చినది. "మన దుకాణమే కదా వదినా, గొలుసు ఇప్పించు, పంట డబ్బు రాగానే ఇచ్చెదను" అని ఆమె అడిగెను. ఇచ్చినచో స్నేహితురాలి సొమ్ము చెప్పకుండ ఇచ్చినట్లు. ఈయనిచో మెట్టినింట మాట పడినట్లు. పత్రములోని వాక్యము చూపగా ఆడపడుచు కొంత అలిగినను, తప్పు వ్యక్తిమీదకు రాలేదు, కాగితము మీదికి పోయినది. ఆ గొలుసు ధరను వదినగారు తన జీతమునుండి చెల్లించి బహుమతిగా పంపిరి. దుకాణము పద్దు చెడలేదు, చుట్టరికమును చెడలేదు. కాగితమునకు గల గొప్పతనము ఇదే. మనుష్యులు మోయలేని నిష్ఠూరమును అది మోయును.

ఇక పనివారి సంగతి. మా నగలు చేయువారు డెబ్బదికి చేరువైన ఆచారిగారు. కుంపటి, మూస, ఊదుగొట్టము, కమ్మచ్చు, ఆకురాయి, గీటురాయి ఆయన ఆస్తి. ఈ వృత్తి పడిన దెబ్బలు ఆయన మాటలలోనే విన్నాము. 1962లో చైనాతో యుద్ధము జరిగిన పిమ్మట, 1963 జనవరిలో ప్రభుత్వము బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చెను. 14 క్యారెట్లకు మించిన బంగారముతో క్రొత్త నగలు చేయరాదని శాసించిరి. తరతరములుగా మేలిమి పనిచేసిన స్వర్ణకారులు వేలకొలదిగా పనులు కోల్పోయిరి. కొందరు వృత్తి విడిచిరి. ప్రాణములు తీసికొన్నవారును కలరు. 1968లో దానిపై ప్రత్యేక చట్టము వచ్చినది. 1990లో దానిని రద్దు చేసిరి. ఆచారిగారి తండ్రి ఆ రోజులలో కొంతకాలము గడియారములు బాగుచేసి ఇల్లు గడిపెనట. అంతటి గాలివానకు తట్టుకొన్న చేతులు, పోతపోసి అచ్చుకొట్టు యంత్రములు వచ్చిన తరువాత మరల ఖాళీ యగుచున్నవి.

ఆచారిగారితో కూడ నోటిలెక్కలు పెట్టుకొనలేదు. నగకు మజూరీ ఇంత అని ముందే వ్రాయుదుము. తరుగు సంగతి వేరుగా వ్రాయుదుము. నగల కొనుగోలులో జనులకు అర్థము కాని పదము తరుగే. ఆకురాయి పట్టినపుడు, మెరుగు పెట్టినపుడు కొంత బంగారము పొడియై రాలును, అది నిజము. కాని రాలినదంతయు పోవునా? పీటక్రింది పొడిని ఊడ్చి కరగించినచో చాలవరకు తిరిగి వచ్చును. అట్లు తిరిగి వచ్చిన దానిని మేము పాత బంగారము తెచ్చినవారి పద్దులో జమకట్టుదుము. పాపాయి మురుగులలో అది కొద్ది మిల్లీగ్రాములే కావచ్చును. కాని బామ్మగారి గాజులో అది భాగము. మా సొమ్ము కాదు.

పసివారి నగలో అందముకంటె ముందు చూడవలసినది అపాయము. శిశువు చేతికి అందినదెల్ల నోటికి తీసికొనిపోవును. మూడేండ్లలోపు పిల్లల ఆటవస్తువులను పరీక్షించుటకు 31.7 మిల్లీమీటర్ల వ్యాసముగల చిన్న గొట్టమును వాడుదురు. దానిలో పట్టిన వస్తువు గొంతుకడ్డుపడగలదని లెక్క. ఆ లెక్కను ఊడిన మువ్వయు, తెగిన పూసయు అపాయమే. కావున మువ్వను కొక్కెమునకు తగిలించి విడువక టంకముతో అతికించి, పటకారుతో పట్టి లాగి చూడనిదే ఈయము. మురుగుల కొసలు గుండ్రముగా చేయింతుము. అవి కొంచెము విప్పుటకు వీలుగా నుండుటచే బిడ్డ ఎదిగినకొలది సరిచేసికొనవచ్చును. చెవిపోగులకు మరచుట్టు శీల పెట్టింతుము. మెడలో గొలుసు మాత్రము వేడుకవేళకే వేసి, నిద్రపుచ్చుటకు ముందు తీసివేయుడని చెప్పుచున్నాము. ఉయ్యాలకొసకు తగులుకొన్న గొలుసు ఉరి కాగలదు.

లోహము విషయము ఇంకను ముఖ్యము. 2006లో అమెరికాలోని మినియాపొలిస్ నగరమున నాలుగేండ్ల బాలుడు ఒక కంకణమునకు వ్రేలాడు బిళ్ళను మ్రింగి సీసపు విషముచే మరణించెను; పరీక్షింపగా ఆ బిళ్ళ దాదాపు అంతయు సీసమేయని తేలెను. మన దేశమున ఒకప్పుడు 'కె.డి.యమ్.' నగలని పేరు పొందినవి కాడ్మియము కలిసిన టంకముతో అతికినవి. అతుకు చక్కగా కుదురును గాని, కరగునపుడు వచ్చు పొగ పనివాని ఊపిరితిత్తులకును, మూత్రపిండములకును చేటు. పనివానికి చేటైన లోహము పసివాని నోటికి తగునా? అట్లే నికెలు తగిలినచో కొందరి చర్మము దద్దురులెత్తును. పూత నగలలో పూతక్రింద నికెలు వేయుట తరచు. మా జిల్లాలోని బందరు చెంత చిలకలపూడి, పూత బంగారపు నగలకు పేరెన్నికగన్నది; ఆ పనితనము చూచి మేము గర్వింతుము, పండుగలకు మేమును ధరింతుము. కాని పాలు త్రాగు పసివాని ఒంటిమీద పూతనగ వలదని, బంగారమునకు స్తోమత లేనిచో వెండి చాలునని చెప్పుదుము. వెండి కడియము నల్లబడినను హాని లేదు. చింతపండుతో తోమిన తెల్లనగును.

ఇట్లు చెప్పుటవలన బేరములు పోయినవి. పాపాయికి ముప్పది గ్రాముల గొలుసు కావలెనని వచ్చినవారిని కూడ వారించితిమి. పసివాని ఒంటిమీద హెచ్చు బంగారము దొంగకు పిలుపు. ఆ సొమ్మును బిడ్డ పేర దాచి, గ్రామున్నర రావిరేక చేయించుడని సలహా చెప్పినచో, "అమ్మ వచ్చినవారు కొనవద్దనుటయా?" యని నవ్విరి. కాని వారిలో పలువురు తిరిగి వచ్చిరి. పులిగోరు సంగతియు ఇట్టిదే. తాతగారి నాటి గోరు తెచ్చి పతకము కట్టుడని అడుగువారు ఇంకను కలరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పులిగోరు కొనుట, అమ్ముట నేరము. అందుకు బదులు గోరు ఆకారమునే వెండితోనో బంగారముతోనో చేసి, వెనుక బిడ్డ పేరును, పుట్టిన తేదిని చెక్కించి ఇచ్చుచున్నాము. దిష్టి తగులకుండుటకు పులిని చంపనక్కరలేదు గదా!

మేలిమికి గుర్తు హాల్‌మార్కు. భారత ప్రమాణముల సంస్థ 2000 సంవత్సరమున బంగారు నగలకు ఈ విధానమును ప్రవేశపెట్టెను. 22 క్యారెట్లనగా వేయింట 916 పాళ్ళు మేలిమి. 18 క్యారెట్లనగా 750. 14 క్యారెట్లనగా 585. ఇది 2021 జూన్ 16 నుండి 256 జిల్లాలలో నిర్బంధమై తరువాత విస్తరించినది. 2023 ఏప్రిల్ 1 నుండి అక్షరములు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల సంఖ్య నగపై ఉండవలెనని నియమము. ఆ సంఖ్యను సెల్‌ఫోనులోని 'బి.ఐ.యస్. కేర్' అను యాప్‌లో వేసి ఎవరైనను సరిచూచుకొనవచ్చును. కాని 2 గ్రాములలోపు నగలకు ఈ నిర్బంధమునుండి మినహాయింపు కలదు. శ్రోతలు గమనింతురు గాక! పసివారి నగలలో హెచ్చుభాగము ఆ రెండు గ్రాముల లోపువే. అనగా చట్టము కన్ను పడని చోటనే మా సరుకున్నది. కొనువారు అరగ్రాము రావిరేకను పరీక్షకు పంపుదురా? పంపరు. అందుచే కరగించిన ప్రతి ముద్దనుండి చిన్న తునకను పరీక్షకు పంపి, ఎన్ని పాళ్ళు తేలినదో, నగ తూకము మిల్లీగ్రాములతో సహా ఎంతయో, మజూరీ ఎంతయో, నూటికి 3 చొప్పున జి.ఎస్.టి. ఎంతయో రసీదుపై వేరువేరుగా వ్రాయుచున్నాము. ఎవరును చూడని చోట వ్రాసిన లెక్కయే లెక్క.

ఇక పాత బంగారము. మా వద్దకు వచ్చువారిలో సగముమంది తెచ్చునది తెగిన గొలుసు, జత తప్పిన కమ్మ, అరిగిన ఉంగరము. "మా అమ్మది, పాపకు మురుగులు చేయండి" అందురు. మామూలుగా అంగడిలో పాత బంగారము ఇచ్చినచో దానికి వెల కట్టి, ఆ వెలకు వేరే నగ ఇత్తురు. పాతది ఇతరుల బంగారముతో కలిసి శుద్ధి కర్మాగారమునకు పోవును. అందులో మోసము లేదు. తూకమునకు తూకము వచ్చినది. కాని ఇచ్చట అడుగుచున్నది తూకము మాత్రమే కాదు, ఆ బంగారమే. ఒక ఇంటి బంగారము వేరొక ఇంటి బంగారముతో కలియరాదు. కావున ఒక్కొక్కరి బంగారమునకు ఒక్కొక్క క్రొత్త మూస. కరగించు దినమున వారిని పిలుతుము. తమ కన్నులముందు కమ్మ ముద్దయై, ముద్ద తీగయై, తీగ మురుగగుట చూచి పోవుదురు. ఇందువలన దినమునకు ఒకటి రెండు పనులకంటె సాగవు. మా వ్యాపారము చిన్నదిగానే యుండుటకు కారణమిదే.

ఒకనాడు ఎనుబదికి చేరువైన మామ్మగారు ఒకరు, కుమార్తెతో కలిసి వచ్చి, మాటీలతో సహా 10 గ్రాముల కమ్మలు ఇచ్చిరి. 1964లో తమ పెళ్ళికి తల్లిగారు పెట్టినవట. మునిమనుమరాలికి మురుగులు కావలెననిరి. పరీక్షింపగా మేలిమి నూటికి 58 పాళ్ళపైన కొంచెము తేలినది. ఆ బంగారమును శుద్ధిచేసి 22 క్యారెట్లకు తెచ్చినచో 6 గ్రాముల 400 మిల్లీగ్రాములకు లోపుగానే మిగులును. ఈ మాట ఎవరికి చెప్పవలెనన్నదానిపై మా ఇరువురికిని అభిప్రాయభేదము కలిగినది. "పెద్దావిడ మనసు నొప్పించనేల? కుమార్తెకు చెప్పిన చాలును" అని ఒకరు. "నగ మామ్మగారిది, మాట కూడ ఆమెకే చెప్పవలెను. నేడు ఆమెకు దాచినవారము రేపు ఎవరికేమి దాచెదమో" అని మరియొకరు. ఆ సాయంకాలము పద్దుపుస్తకముపై సంతకములు పడినవి గాని మాటలు లేవు. మరునాడు రసీదుపై వ్రాయకతప్పని అంకెను నోటితో దాచుట కుదరదని ఇరువురమును ఒప్పుకొంటిమి.

మామ్మగారు మరల వచ్చినపుడు ఆచారిగారి ఎదుటనే సంగతి చెప్పితిమి. ఆమె ఆశ్చర్యపడలేదు. "నాకు తెలుసునమ్మా" అనిరి. పెళ్ళయిన పదునైదేండ్లకు ఒకమారు అవసరమై ఆ కమ్మలను తాకట్టు పెట్టబోగా, తక్కువ బంగారమని త్రిప్పి పంపిరట. తన పుట్టింటివారు మోసపోయిరో, తెలిసియే తక్కువది పెట్టిరో అను ముల్లు ఆనాటినుండి మనసున ఉన్నదట. భర్తకుగాని, పిల్లలకుగాని ఏనాడును చెప్పలేదట. అప్పుడు ఆచారిగారు, "పెళ్ళి ఏ సంవత్సరమన్నారమ్మా?" అని మరల అడిగి, 1963 నిబంధనల సంగతి వివరించిరి. ఆ సంవత్సరమున క్రొత్తగా చేసిన నగ 14 క్యారెట్లకు మించరాదు. 14 క్యారెట్లనగా నూటికి 58న్నర. "మీ ఊరి కంసాలి మోసము చేయలేదమ్మా, శాసనమునకు లోబడి, ఒక్క పాలు తగ్గకుండ చేసినాడు. మీ అమ్మగారు ఆనాడు దొరికినదానిలో నిక్కమైనదే పెట్టినారు" అనిరి.

మామ్మగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట శుద్ధి వలదనిరి. ఉన్నది ఉన్నట్లుగనే కరగించి, 585 గుర్తుతోనే మురుగులు చేయుడనిరి. 14 క్యారెట్ల బంగారము రంగున కొంచెము ఎఱ్ఱగా నుండును, కాని గట్టిది; పసిచేతులకు త్వరగా వంగదు. ఆ మురుగుల లోపలివైపున తల్లిగారి పేరును, 1964 అను అంకెను చెక్కించుకొని పోయిరి. మేము చెప్పక దాచియుంటే తూకములో ఎవరికిని నష్టము లేదు. కాని ఆమె మనసులోని ముల్లు ఆమెతోనే పోయెడిది. నిజము చెప్పుట కఠినమనియు, దాచుట దయయనియు మనము తరచు అనుకొందుము. లెక్క పూర్తిగా చెప్పినచోట దయకు కూడ చోటు దొరకునని ఆనాడు మాకు స్పష్టమైనది.

ఇట్టి చిన్న వ్యాపారము స్నేహితురాలితో కలిసి పెట్టదలచు సోదరీమణులకు నాలుగు మాటలు. పత్రము వ్రాసికొనుడు, నమోదు చేయించుడు. ఇంటి ఖర్చు డబ్బును, దుకాణపు డబ్బును ఒక్క పెట్టెలో ఉంచకుడు. బంగారము నిలువచేసి వెల పెరుగునని కాచుకొని కూర్చుండకుడు. అది వేరు వ్యాపారము. మంచి పనివానిని వెదకి, అతని మజూరీలో బేరము తగ్గించి ఆడుడు. నెలకొకమారైనను ఇరువురును కూర్చుండి పద్దు మొదటినుండి చివరివరకు చదువుడు. మేము ప్రతి నెల మొదటి ఆదివారము ఈ పని చేయుచున్నాము. పిల్లలు ప్రక్కగదిలో ఆడుకొనుచుందురు. లెక్క తేలువరకు కాఫీ త్రాగరాదని ఒక చిన్న నియమము పెట్టుకొంటిమి. అందుచే లెక్క త్వరగానే తేలుచున్నది.

మా దుకాణము వలన మేము ధనవంతులము కాలేదు. చెరియొక జీతము వచ్చుచున్నది, పెట్టుబడి చెక్కుచెదరలేదు, ఆచారిగారి మనుమడు వారమునకు రెండు దినములు వచ్చి కుంపటి ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనుచున్నాడు. మా చేతిమీదుగా పోయిన మురుగులలో అనేకము ఇప్పటికే బిగుతై పెట్టెలలోనికి చేరియుండును. అవి మరల వెలుగు చూచునాటికి మేము ఉందుమో లేదో తెలియదు. ఆనాడు ఏ మనుమరాలో వానిని త్రాసులో వేసి, గీటురాయిమీద గీయించి చూచినపుడు, రసీదుపై వ్రాసిన అంకెకును నగలోని బంగారమునకును తేడా రాకుండుటే మేము కోరునది.